వానపాము కదలికను చూసి నాడీ వ్యవస్థను అర్థం చేసుకోవడం ఎలా: ఇంట్లోనే చేసుకునే సమగ్ర గైడ్

వానపాము రెండు ముక్కలైతే రెండు ముక్కలూ కదులుతాయి. గాలానికి ఎర గుచ్చినవాళ్లు, పొలంలో పార వేసినవాళ్లు అందరూ ఇది చూసే ఉంటారు. తల ఉన్న ముక్క కదిలితే సరే, మెదడు అందులోనే ఉంది కాబట్టి కదిలింది అనుకుంటాం. మరి తోక ముక్క ఎవరు చెబితే కదులుతోంది? ఈ ఒక్క ప్రశ్నను గట్టిగా పట్టుకుంటే, చిన్న జీవుల్లో నాడీ వ్యవస్థ కదలికను ఎలా నడిపిస్తుందో చాలావరకు తెలిసిపోతుంది. ఎందుకంటే "మెదడు ఆర్డర్ వేస్తుంది, కండరం పాటిస్తుంది" అని మనం అలవాటుగా అనుకునే లెక్క ఇక్కడ కుదరదు.

బొమ్మ చూసి భాగాల పేర్లు బట్టీ పట్టడం కాకుండా, బతికున్న వానపామును కాసేపు చూస్తూ, కనిపించిన ప్రతి కదలిక వెనక ఏ నాడి ఏం చేస్తోందో కలుపుకుంటూ వెళ్లడమే ఇక్కడ పద్ధతి. ఇంటర్ బైపీసీ పిల్లలకి, బడిలో సైన్స్ చెప్పే టీచర్లకి, ప్రశ్నలతో ఊపిరాడనివ్వని పిల్లలున్న అమ్మానాన్నలకి, ఎవరికైనా పనికొస్తుంది. కోయడం, గుచ్చడం అసలు ఉండవు. డిగ్రీ, పీజీ జంతుశాస్త్రంలో కూడా జంతువులను కోసే ప్రాక్టికల్స్ ఆపేయమని 2014లో యూజీసీ చెప్పింది. నిజానికి కదలిక గురించి నేర్చుకోవాలంటే కోసిన వానపాము కంటే పాకుతున్న వానపామే చాలా ఎక్కువ చెబుతుంది.

ముందుగా: ఏం కావాలి, ఏం చేయకూడదు

రెండు మూడు వానపాములు, ఒక వెడల్పాటి పళ్లెం, ఒక గాజు పలక (పాత ఫోటో ఫ్రేమ్ అద్దమైనా సరే), కాస్త గరుకుగా ఉండే మామూలు కాగితం లేదా న్యూస్‌పేపర్, మెత్తటి పెయింట్ బ్రష్, చిన్న టార్చి, ఎర్ర సెల్లోఫేన్ (వెలుగు దాటే పల్చటి రంగు కాగితం) ముక్క, స్లో మోషన్ వీడియో తీసే ఫోను. ఇంతే.

వానపాములు వాన వెలిసిన రోజు పెరట్లోనే దొరుకుతాయి, లేదంటే దగ్గర్లో వర్మీకంపోస్ట్ చేసే రైతుని అడగండి. మన దగ్గర కంపోస్ట్ తొట్లలో ఎక్కువగా ఉండేవి యూడ్రిలస్ యూజీనియే, ఐసీనియా ఫెటిడా. వాటిలో యూడ్రిలస్ కాస్త పెద్దది కాబట్టి చూడ్డానికి తేలిక. పాఠ్యపుస్తకాల్లో ఫెరిటిమా అని చదువుకున్నది పొలం మట్టిలో ఉంటుంది. ఏ జాతి అయినా ఈ పనికి ఇబ్బంది లేదు, పాకే తీరు అన్నిటికీ ఒకటే.

వానపాము చర్మంతోనే గాలి పీలుస్తుంది, చర్మం ఆరిపోతే చచ్చిపోతుంది. కాబట్టి చేతులు సబ్బు లేకుండా కడుక్కొని తడిగా ఉంచుకోండి, శానిటైజర్ రాసుకున్న చేత్తో అస్సలు ముట్టుకోవద్దు, ఉప్పు దరిదాపుల్లో ఉండకూడదు. బోరు నీళ్లు గానీ, ఒక రోజు నిలవ ఉంచిన కుళాయి నీళ్లు గానీ మధ్యమధ్యలో చిలకరించండి. ఒక్కోదాన్ని పది పదిహేను నిమిషాల కంటే ఎక్కువ బయట ఉంచకుండా తడి మట్టిలోకి వదిలి ఇంకోదాన్ని తీసుకోండి. ఎండలో మాత్రం వద్దు. ఈ జాగ్రత్తలు దాని మీద దయతో మాత్రమే చెప్పట్లేదు, హింస పడుతున్న జంతువు మామూలుగా పాకదు, మెలికలు తిరుగుతుంది, అప్పుడు మీరు చూసేది మీకు కావాల్సిన కదలిక కాదు.

1. ముందు తల ఎటు, అల ఎటు అనేది తేల్చుకోండి

ఒంటి మీద అడ్డగీతలు కనిపిస్తాయి కదా, రెండు గీతల మధ్య ఉన్న ఒక్కో భాగాన్ని ఖండితం అంటారు. పెద్ద వానపాముకి ఇవి వందకు పైగా ఉంటాయి. పెరిగిన వానపాము మీద ఒకచోట కాస్త లావుగా, వేరే రంగులో ఒక పట్టీ ఉంటుంది, అదే క్లైటెల్లం. అది ఏ చివరకి దగ్గరగా ఉందో అటువైపే తల.

ఇప్పుడు తడిపిన న్యూస్‌పేపర్ మీద వదిలి, పైనుంచి స్లో మోషన్లో వీడియో తీయండి. కాగితం మీద ముందే సెంటీమీటరుకో గీత గీసి పెట్టుకుంటే కొలవడం సులువు. వీడియోలో రెండు సంగతులు వెతకాలి. ఒకటి, ఒళ్లంతా ఒకేసారి కదలదు, కొంత భాగం సన్నగా పొడుగ్గా సాగుతుంది, కొంత భాగం పొట్టిగా లావుగా ముడుచుకుంటుంది. రెండు, ఈ సన్న-లావు అల ఒంటి మీద తల నుంచి తోక వైపుకి పోతుంది, వానపాము మాత్రం ముందుకి పోతుంది. చాలామంది మొదటిసారి చూసినప్పుడు అల కూడా ముందుకే పోతోందని అనేస్తారు, కాబట్టి వీడియోని ఆపి ఆపి చూడండి. లావుగా ముడుచుకున్న చోటు నేలకి అతుక్కుని కదలకుండా ఉంటుంది, సన్నగా సాగిన భాగం ముందుకి జరుగుతుంది. ఇది స్పష్టంగా కనిపించేదాకా రెండో మెట్టు ఎక్కొద్దు, మిగతాదంతా దీనిమీదే నిలబడి ఉంది.

2. కండరాలు, నీళ్లు, ముళ్లు: ఒంటి యంత్రం

వానపాముకి ఎముకలు లేవు. దాని బదులు ప్రతి ఖండితంలోనూ ద్రవం నిండిన గది ఉంటుంది, గదికీ గదికీ మధ్య పల్చటి అడ్డుగోడ. ఒంటి గోడలో బయటి వరసలో వలయాల్లా చుట్టుకున్న కండరాలు, లోపలి వరసలో తల నుంచి తోక దిశగా నిలువుగా సాగే కండరాలు. నీళ్లు నింపిన బెలూన్‌ని మధ్యలో చేత్తో బిగించి పట్టుకుంటే రెండు వైపులా పొడుగవుతుంది కదా, వలయ కండరాలు బిగిసినప్పుడు ఖండితానికి జరిగేది అదే: నీరు నొక్కినా కుంచించుకుపోదు కాబట్టి ఖండితం సన్నబడి సాగుతుంది. నిలువు కండరాలు బిగిస్తే పొట్టిగా లావుగా అవుతుంది. అడ్డుగోడలు ఉండటం వల్ల ఒక చోటి ఒత్తిడి ఒళ్లంతా పాకిపోకుండా అక్కడికక్కడే పనిచేస్తుంది, అందుకే తల దగ్గర సాగుతూ నడుము దగ్గర ముడుచుకోవడం సాధ్యమవుతుంది.

మూడోది శూకాలు, అంటే చిన్న చిన్న ముళ్లు. కాస్త తడి తగ్గిన కాగితం మీద వానపామును వదిలి చెవి దగ్గరగా పెట్టండి, గది నిశ్శబ్దంగా ఉంటే సన్నటి గీకుడు చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు శూకాలదే. ఖండితం లావైనప్పుడు ఇవి బయటికి పొడుచుకొచ్చి నేలని పట్టుకుంటాయి, సన్నబడినప్పుడు లోపలికి పోతాయి. మన ఫెరిటిమాలో ఇవి ఖండితం చుట్టూ వరసగా ఉంటాయి, యూరప్ వానపాము లంబ్రికస్‌లో ఖండితానికి ఎనిమిదే.

అంటే నాడీ వ్యవస్థ చేయాల్సిన పని ఇప్పుడు చిన్న వాక్యంలో చెప్పొచ్చు: ప్రతి ఖండితంలో ఒక రకం కండరం బిగిసినప్పుడు రెండోదాన్ని వదులు చేయాలి, పక్క ఖండితం కాస్త ఆలస్యంగా అదే పని చేయాలి. ఈ రెండూ సరిగ్గా జరిగితే అల పుడుతుంది, అల పుడితే నడక వచ్చేస్తుంది. ఏ జంతువు కదలికను అర్థం చేసుకోవాలన్నా నేను ముందు ఇక్కడే మొదలుపెట్టమంటాను, నాడుల బొమ్మ దగ్గర కాదు. కండరాలకి ఏం అవసరమో తెలియకుండా నాడుల బొమ్మ చూస్తే అది తీగల చిక్కుముడిలానే ఉంటుంది.

3. నాడుల మ్యాప్ కాగితం మీద గీసుకోండి

మీరు గీసిన వానపాము బొమ్మ మీదే పెన్సిల్‌తో ఇవి పెట్టండి. మూడో ఖండితం దగ్గర, గొంతు పైన, ఒక జత చిన్న నాడీసంధులు (అంటే నాడీకణాల ముద్దలు): అదే మెదడు. అక్కడి నుంచి గొంతు చుట్టూ రెండు తీగలు కిందికి దిగి నాలుగో ఖండితం దగ్గర ఇంకో నాడీసంధిలో కలుస్తాయి, దాన్ని అధోగ్రసని నాడీసంధి అంటారు. అక్కడి నుంచి కడుపు వైపున తోకదాకా ఒకే దండం, ఉదర నాడీ దండం. దానిమీద ప్రతి ఖండితంలోనూ ఒక చిన్న ఉబ్బు, అంటే ఆ ఖండితానికి సొంత నాడీసంధి. అందులో ఆ ఖండితం కండరాలను నడిపే నాడీకణాలు, ఆ ఖండితం చర్మం నుంచి వచ్చే సమాచారం అందుకునే కణాలు, వాటి మధ్య కబురు మోసే కణాలు, అన్నీ ఉంటాయి.

ఈ మ్యాప్‌లో జనం పట్టించుకోని భాగం అధోగ్రసని నాడీసంధి, నా దృష్టిలో మాత్రం అందులో అన్నిటికంటే ఆసక్తి కలిగించేది అదే. మెదడు తీసేసినా వానపాము పాకగలదని, కానీ ఈ కింది నాడీసంధిని తీసేస్తే తనంతట తాను కదలడం ఆగిపోతుందని పాత ప్రయోగాలు చూపించాయి. అంటే "పద" అనేది ఎక్కువగా ఇక్కడి నుంచి వస్తోంది. మెదడు చేసేది వేరు: వెలుగు, తేమ, వాసన చూసి ఇటు వెళ్లాలా అటు వెళ్లాలా, ఇప్పుడు వెళ్లాలా ఆగాలా అనేది. ఇక అడుగు ఎలా వేయాలన్నది ఖండితాల్లోని నాడీసంధులే చూసుకుంటాయి.

4. అల ఒక ఖండితం నుంచి పక్కదానికి ఎలా పోతుంది?

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, మొత్తం గైడ్‌కి గుండెకాయ ఇదే.

1894లో జర్మన్ శాస్త్రవేత్త బెనెడిక్ట్ ఫ్రీడ్‌లాండర్ వానపామును పూర్తిగా రెండు ముక్కలు చేసి, రెండింటినీ ఒక దారంతో కట్టాడు. మధ్యలో నాడి లేదు, కండరం లేదు, కేవలం దారం. ముందు ముక్క పాకడం మొదలుపెట్టగానే దారం బిగిసి వెనక ముక్కని లాగింది, ఆ లాగుడికి వెనక ముక్కలో కూడా అల మొదలై, రెండు ముక్కలూ ఒకే వానపాములా వరస తప్పకుండా పాకాయి. కబురు నాడి ద్వారా రాలేదు, లాగుడు ద్వారా వచ్చింది. ఖండితం సాగితే దాన్ని పసిగట్టే నాడీకణాలు ఒంట్లోనే ఉన్నాయి, అవి అక్కడి నాడీసంధికి చెబితే అది తన వంతు కండరాలను నడిపింది.

అయితే దీన్నిబట్టి నాడీ దండం అక్కర్లేదు అనుకుంటే పొరపాటు. ఉల్టా ప్రయోగం కూడా జరిగింది: మధ్యలో ఒంటి గోడను తీసేసి, నాడీ దండాన్ని మాత్రం వదిలితే, అప్పుడు కూడా అల ఆ చోటుని దాటి వెనక్కి వెళ్లింది. లాగుడు లేకపోయినా దండం ఒక్కటే కబురు చేరవేసింది. తర్వాత 1938లో ఇంగ్లండ్‌లో జేమ్స్ గ్రే, హాన్స్ లిస్మన్ ఇంకో మెట్టు ముందుకెళ్లి, ఒంటి నుంచి వేరు చేసిన నాడీ దండంలో కూడా లయబద్ధంగా విద్యుత్ సంకేతాలు పుడుతున్నాయని నమోదు చేశారు.

కాబట్టి అల వెనక మూడు వరసలున్నాయి: దండంలో దానంతట అదే పుట్టే లయ, పక్క నాడీసంధి నుంచి వచ్చే కబురు, సాగినప్పుడు ఒళ్లు తిరిగి చెప్పే సమాచారం. మూడింటిలో ఒకటి పోయినా మిగతావి కొంతవరకు నెట్టుకొస్తాయి. రాయి అడ్డొచ్చినా, మట్టి బిరుసుగా ఉన్నా, ఒక ఖండితానికి దెబ్బ తగిలినా వానపాము ఆగిపోకపోవడానికి కారణం ఈ ఏర్పాటే.

దీన్ని మీరు ఇంట్లో ఇలా చూడొచ్చు. వానపామును తడి గాజు పలక మీద పెట్టండి. శూకాలకి పట్టు దొరకదు, ముందు భాగం సాగుతుంది కానీ వెనక్కి జారుతుంది, వెనక భాగాన్ని లాగలేకపోతుంది. కాసేపు అలలు ఎలా వస్తున్నాయో వీడియో తీసి, అదే వానపామును గరుకు కాగితం మీదకి మార్చి మళ్లీ తీయండి. రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టి చూస్తే, నేల పట్టు మారగానే అలల తీరు, వేగం ఎంత మారుతున్నాయో కనిపిస్తుంది. నాడులు మారలేదు, మెదడు మారలేదు, ఒంటికి నేల ఇచ్చే జవాబు మారింది.

తోక ముక్క ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. దాని ఖండితాల్లో నాడీసంధులు అలాగే ఉన్నాయి, సాగుడు పసిగట్టే కణాలు ఉన్నాయి, తెగిన చోటి నుంచి వచ్చే తీవ్రమైన కదిలింపు ఉంది. కదలడానికి ఆ మాత్రం చాలు. లేనిది ఎటు వెళ్లాలో, ఎందుకు వెళ్లాలో చెప్పే తల. అందుకే దాని కదలిక గిలగిలలాడినట్టు ఉంటుంది, ప్రయాణంలా ఉండదు. అన్నట్టు, తెంపితే రెండు వానపాములవుతాయన్నది చాలా జాతుల విషయంలో నిజం కాదు, తల ఉన్న ముక్క తోకను పెంచుకోగలదు గానీ తోక ముక్క సాధారణంగా బతకదు. పిల్లలకి ఇది తప్పకుండా చెప్పండి, లేకపోతే సరదాకి తెంపి చూస్తారు.

5. ఉలికిపాటు: దీనికి వేరే ఎక్స్‌ప్రెస్ లైన్

పాకే అల సెకనుకి కొన్ని సెంటీమీటర్ల వేగంతో ఒళ్లంతా దాటుతుంది. కొంగ ముక్కు తల మీద పడినప్పుడు ఆ వేగం పనికిరాదు. అందుకే నాడీ దండం పైభాగంలో మూడు లావుపాటి నాడీతంతువులు తల నుంచి తోకదాకా పరుచుకుని ఉంటాయి, వాటిని జెయింట్ ఫైబర్లు అంటారు. మధ్యది ఒకటి, పక్కన రెండు. తంతువు ఎంత లావైతే సంకేతం అంత వేగంగా పరుగెత్తుతుంది, అందుకే ఆ లావు. మధ్య ఫైబర్‌కి తల వైపు చర్మం నుంచి కబురు అందుతుంది, అది తోక వైపు పరుగెత్తుతుంది. పక్కవి రెండూ మధ్యమధ్యలో ఒకదానితో ఒకటి కలిసి ఒకే తంతువులా పనిచేస్తాయి, వాటికి తోక వైపు నుంచి కబురు అందుతుంది, తల వైపు పోతాయి.

లెక్క వేసి చూడండి. ఇరవై సెంటీమీటర్ల వానపాములో సెకనుకి 20 మీటర్ల వేగంతో పోయే సంకేతానికి ఈ చివర నుంచి ఆ చివరకి సెకనులో వందో వంతు చాలు. సెకనుకి మూడు సెంటీమీటర్లు పోయే అలకి అదే దూరం దాదాపు ఏడు సెకన్లు. ఒకే దండంలో రెండు వేగాలు: ఒకటి నిదానంగా, ప్రతి ఖండితం మాట వింటూ పోయేది, ఇంకోటి ఎవర్నీ అడక్కుండా అన్ని ఖండితాల నిలువు కండరాలనూ దాదాపు ఒకేసారి బిగించేది.

చూడటం ఇలా. వానపాము నిదానంగా పాకుతున్నప్పుడు పెయింట్ బ్రష్ కొనతో తల దగ్గర చటుక్కున తాకండి, నొక్కకూడదు, తాకి తీసేయాలి. ముందు భాగం ఒక్కసారిగా వెనక్కి లాక్కుంటుంది. ఒక నిమిషం ఆగి తోక దగ్గర తాకండి, ఈసారి తోక ముందుకి లాక్కుంటుంది. ఇప్పుడు అసలు పని: తల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెం వెనక్కి జరుగుతూ, ప్రతి తాకుడికీ మధ్య విరామం ఇస్తూ, ఏ చోట దాటాక స్పందన "వెనక్కి లాక్కోవడం" నుంచి "ముందుకి లాక్కోవడం"గా మారుతోందో గుర్తించండి. ఆ సరిహద్దే మధ్య ఫైబర్ ఇలాకా ముగిసి పక్క ఫైబర్ల ఇలాకా మొదలయ్యే చోటు. లంబ్రికస్‌లో అది దాదాపు నలభయ్యో ఖండితం దగ్గర ఉంటుంది, మీ వానపాములో ఎక్కడుందో వీడియోలో ఖండితాలు లెక్కపెట్టి రాసుకోండి. ఒక్క కోత లేకుండా లోపలి తీగల హద్దును బయటి నుంచి కనిపెట్టడం అంటే ఇదే, నాకు ఈ గైడ్‌లో అన్నిటికంటే ఇష్టమైన పని కూడా ఇదే.

విరామం ఎందుకు ఇవ్వమన్నానంటే, ఒకే చోట వెంటవెంటనే తాకుతూ పోతే స్పందన తగ్గిపోతుంది. వానపాము అలసిపోయి కాదు, ఆ తాకుడు ప్రమాదం కాదని నాడులు పట్టించుకోవడం మానేస్తాయి. వేరే చోట తాకితే మళ్లీ ఉలిక్కిపడుతుంది, దాన్నిబట్టి కండరాలు అలసిపోలేదని తేలుతుంది. అలవాటు పడటం అనే నేర్చుకునే శక్తి ఇంత చిన్న నాడీ వ్యవస్థలోనూ ఉంది.

సంకేతాలను నేరుగా వినాలనిపిస్తే అదీ సాధ్యమే. చార్లెస్ డ్రూస్, ఆయన సహచరులు వానపామును కోయకుండా, తడి ఎలక్ట్రోడ్ల వరస మీద పాకనిచ్చి జెయింట్ ఫైబర్ల సంకేతాలను పట్టుకున్నారు, 1978లోనే. ఇప్పుడు బ్యాక్‌యార్డ్ బ్రెయిన్స్ అనే అమెరికన్ కంపెనీ స్కూలు పిల్లల కోసం చిన్న యాంప్లిఫయర్లు అమ్ముతోంది. కాలేజీ ల్యాబ్‌కి బడ్జెట్ ఉంటే తెప్పించమని అడగండి, ఇంటికి మాత్రం బ్రష్ చాలు.

6. వెలుగు: ఇక్కడ మెదడు కనిపిస్తుంది

గదిలో లైట్లు ఆర్పి, టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టి ఆ వెలుగులో వానపామును చూడండి. ఎరుపుకి అది పెద్దగా స్పందించదు కాబట్టి మామూలుగా పాకుతుంది. కాగితం తీసేసి తెల్ల వెలుగు తోక మీద వేయండి, తర్వాత తల మీద వేయండి. తేడా స్పష్టంగా ఉంటుంది. దానికి కళ్లు లేవు కానీ చర్మంలో వెలుగుని పసిగట్టే కణాలున్నాయి, అవి తల కొన దగ్గర దట్టంగా ఉంటాయి.

వెలుగు పడగానే జరిగేది తాకినప్పటి ఉలికిపాటులా ఉండదు. తల ఎత్తుతుంది, అటూ ఇటూ తిప్పుతుంది, ఆగుతుంది, ఆ తర్వాత దిశ మార్చుకుంటుంది. దాన్ని గమనించండి. చార్లెస్ డార్విన్ 1881లో ప్రచురించిన పరిశీలనల్లో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది: ఆకుని లాక్కుంటూ పనిలో ఉన్న వానపాములు వెలుగు పడినా లెక్కచేయలేదు. అదే వెలుగు, అదే చర్మం, కానీ జవాబు వేరు. నాడీ వ్యవస్థ ఒక పని కోసం ఇంకో సమాచారాన్ని పక్కన పెడుతోంది అంటే అక్కడ నిర్ణయం అనేది మొదలైనట్టే.

డార్విన్ పియానో ప్రయోగం కూడా చేసి చూడదగ్గదే. వానపాములున్న కుండీలను పియానో పక్కన పెట్టి ఎంత గట్టిగా వాయించినా వాటికి పట్టలేదు. అవే కుండీలను పియానో మీద పెట్టి ఒక్క స్వరం నొక్కగానే బొరియల్లోకి దూరిపోయాయి. శబ్దం వినపడదు, అదురు తెలుస్తుంది. మీరు కుండీని స్పీకర్ పక్కన ఒకసారి, స్పీకర్ మీద ఒకసారి పెట్టి, రాత్రిపూట ఎర్ర వెలుగులో చూడండి.

7. ఇవే ప్రశ్నలు వేరే జీవులకి వేయండి

వానపాము దగ్గర మూడు ప్రశ్నలు నేర్చుకున్నాం: లయ ఎక్కడ పుడుతోంది, పక్క భాగానికి కబురు ఎలా పోతోంది, ఒళ్లు తిరిగి ఏం చెబుతోంది. ఏ జీవి గురించి చదివినా వీటితోనే మొదలుపెట్టండి.

మంచినీళ్లలో ఉండే చిన్న జీవి హైడ్రాకి మెదడే లేదు, ఒళ్లంతా పరుచుకున్న నాడీ వల మాత్రమే. అంతా ఒకే వలలా కనిపిస్తుంది కానీ, 2017లో క్రిస్టఫ్ డుప్రే, రఫాయెల్ యూస్టే బతికున్న హైడ్రాలో నాడీకణాలు వెలిగేలా చేసి చూస్తే, ఒకదాంట్లో ఒకటి కలవని వేర్వేరు వలలు బయటపడ్డాయి. ఒకటి ముడుచుకోవడానికి, ఇంకోటి వెలుగుకి సాగడానికి, ఇలా. జెల్లీఫిష్‌లో లయ గొడుగు అంచున ఉన్న చిన్న కేంద్రాల్లో పుడుతుంది, అంచుని కత్తిరిస్తే ఈత ఆగిపోతుందని 1870ల్లోనే జార్జ్ రోమన్స్ చూపించాడు.

సీ. ఎలిగన్స్ దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగాలి. ఒక మిల్లీమీటరు పొడుగున్న ఈ నులిపురుగులో, ద్విలింగ జీవికి, సరిగ్గా 302 నాడీకణాలు ఉంటాయి. సిడ్నీ బ్రెన్నర్ బృందం వాటి మధ్య సుమారు 5,000 రసాయన సంధులతో (ఒక కణం రసాయనంతో ఇంకోదానికి కబురు అందించే చోట్లతో) సహా మొత్తం వైరింగ్‌ని 1986లో ప్రచురించింది. ఇది వానపాములా సాగి ముడుచుకోదు, పక్కకి పడుకుని పాములా వంకర్లు తిరుగుతూ పోతుంది. వీపు వైపు కండరం బిగిస్తే కడుపు వైపుది వదులవ్వాలి, ఆ వదులు చేసే పని డీ రకం నాడీకణాలది, వాటి రసాయనం గాబా. గాబా తయారుచేయలేని పురుగుల తల మీద తాకితే అవి వెనక్కి పోవడానికి బదులు రెండు వైపులా ఒకేసారి బిగిసి పొట్టిగా అయిపోతాయి. ఒక కండరాన్ని బిగించడం ఎంత ముఖ్యమో ఎదుటిదాన్ని వదలడం అంత ముఖ్యమని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ముందుకి పోవడానికి బీ రకం కణాలు, వెనక్కి పోవడానికి ఏ రకం కణాలు. వాటి పైన ఏవీబీ, పీవీసీ అనేవి ముందుకి నడిపేవి, ఏవీఏ, ఏవీడీ అనేవి వెనక్కి నడిపేవి. తాకుడును పసిగట్టేవి ఆరే కణాలు. మార్టిన్ చాల్ఫీ బృందం 1985లో లేజర్‌తో ఒక్కో కణాన్ని తీసేస్తూ ఈ దారి మొత్తం తేల్చింది. వానపాములో మీరు బ్రష్‌తో కనిపెట్టిన ముందు-వెనక సరిహద్దుకి ఇది కణం పేరుతో సహా ఉన్న రూపం.

ఫ్రీడ్‌లాండర్ దారం గుర్తుంది కదా. 2012లో క్వాన్ వెన్, అరవింతన్ శామ్యూల్, వాళ్ల సహచరులు సీ. ఎలిగన్స్ నడుముని సన్నటి గాడిలో బిగించి ఒక పక్కకి వంచారు. వెనక భాగం కూడా అదే పక్కకి వంగింది. బీ రకం నాడీకణాలే తమ ముందు భాగం ఎటు వంగిందో పసిగట్టి వెనక కండరాలను అటే వంచుతున్నాయని తేలింది. 302 కణాల మ్యాప్ చేతిలో ఉన్నా పాతికేళ్లకు పైగా ఈ సంగతి బయటపడలేదు, ఎందుకంటే మ్యాప్‌లో తీగలు కనిపిస్తాయి గానీ ఒళ్లు లాగే లాగుడు కనిపించదు.

ఇక జలగ. చెరువుల్లో, వరి మడుల్లో దొరికే పశువుల జలగను ఎవరైనా పెద్దవాళ్లు జాగ్రత్తగా గాజు సీసాలోకి తీసిస్తే, చేత్తో ముట్టుకోకుండా ఈత చూడండి. ఒంటిని బల్లపరుపుగా చేసి పైకీ కిందికీ అల వేస్తూ ఈదుతుంది. జలగకి తలలోనూ తోకలోనూ పెద్ద నాడీ ముద్దలు, మధ్యలో 21 నాడీసంధులు. ఒంటి నుంచి పూర్తిగా వేరు చేసిన దాని నాడీ దండం కూడా ఈత లయను పుట్టిస్తూనే ఉంటుంది, కండరం లేదు, నీళ్లు లేవు, అయినా లయ ఉంది. 1978లో జానిస్ వీక్స్, విలియం క్రిస్టన్ 204 నంబరు కణం ఒక్కదాన్ని కదిలిస్తే చాలు ఈత మొదలవుతుందని చూపించారు. కాబట్టి జలగ ఈతలో దండం వాటా ఎక్కువ, వానపాము పాకుడులో ఒంటి వాటా ఎక్కువ. నేల రాయి రాయికీ మారుతుంది, అడుగడుగునా అడిగి తెలుసుకోవాలి, నీళ్లు దాదాపు అంతటా ఒకేలా ఉంటాయి. తేడాకి కారణం అదే అయి ఉండాలని నా నమ్మకం.

8. రాసుకోవడం, వదిలేయడం

ప్రతి వీడియోకీ తేదీ, వేళ, నేల ఏది, తడి ఎంత, వానపాము పొడుగు ఎంత అనేవి రాయండి. సెకనుకి ఎన్ని అలలు, ఒక్కో అలకి ఎన్ని మిల్లీమీటర్లు ముందుకి పోయింది, ఈ రెండూ చాలు. ఒక్క వానపామును చూసి తేల్చేయకండి, కనీసం మూడింటిని చూడండి, ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి చేస్తే ఇంకా మంచిది, చల్లగా ఉన్నప్పుడు నాడులూ కండరాలూ నిదానిస్తాయి కాబట్టి అంకెలు మారతాయి. బడిలో చేయిస్తుంటే నలుగురికి ఒక వానపాము చొప్పున ఇచ్చి, బ్రష్ సరిహద్దుని ఒకరు చెప్పింది ఇంకొకరికి తెలియకుండా విడివిడిగా రాయించండి, అప్పుడే ఆ అంకెను నమ్మొచ్చు.

పని అయ్యాక సాయంత్రం వేళ నీడగా, తేమగా ఉన్న మట్టిలో వదలండి. కంపోస్ట్ తొట్టి నుంచి తెచ్చినవైతే తొట్టిలోకే, పెరటివైతే పెరట్లోకే, ఎందుకంటే యూడ్రిలస్, ఐసీనియా రెండూ బయటి దేశాల నుంచి వచ్చినవి, వాటిని మన పొలం మట్టిలో వదలాల్సిన పని లేదు.